సాఫ్ట్‌వేరు విద్యలో తొలి మెట్లు

1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ అనే కంప్యూటరు తన మొదటి ప్రోగ్రామును నడిపి వర్గసంఖ్యల పట్టికను అచ్చువేసింది. ఆ యంత్రాన్ని నిర్మించిన బృందానికి నాయకుడు మారిస్ విల్క్స్. గణితంలోనూ, భౌతికశాస్త్రంలోనూ, రేడియో విద్యలోనూ గట్టి పాండిత్యం గలవాడు. యంత్రం నడక నేర్చిన కొద్ది కాలానికే ఆయన ఎయిరీ సమీకరణాన్ని సాధించుటకు ఒక ప్రోగ్రామును స్వయంగా రాసుకున్నాడు. కాగితపు టేపు మీద చిల్లులుగా పొడిచిన ఆ ప్రోగ్రాము పొడవు 126 వరుసలు. చాలా ఏళ్ల తరువాత ఆ టేపు బయటపడగా, చరిత్రకారుడు మార్టిన్ క్యాంప్‌బెల్-కెల్లీ దానిని పరిశీలించి 1992లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ 126 వరుసలలో తేలిన తప్పులు ఇరవై.

విల్క్స్ 1985లో ప్రచురించిన స్వీయచరిత్రలో ఆ రోజులను తలచుకున్నాడు. యంత్రం ఉన్న గదికీ, టేపులు పొడిచే చోటుకూ మధ్య మెట్లు ఎక్కి దిగుతూ ఉండగా ఒక మలుపు దగ్గర ఆయనకు ఒక సంగతి తట్టిందట. ఇకమీదట తన జీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాములలోని తప్పులను తానే వెదుక్కోవడంతో గడిచిపోనున్నదని.

యంత్రాన్ని కట్టిన పెద్దమనిషే ఆ యంత్రానికి ఆజ్ఞలు రాయబోయి ఇంచుమించు ఆరు వరుసలకు ఒక తప్పు చేశాడంటే, అది ఆయన తెలివికి సంబంధించిన విషయం కాదు. ప్రోగ్రాము రాయడం గణితం తెలిసినంత మాత్రాన దానంతట అదే వచ్చే విద్య కాదని, దానికి వేరే అభ్యాసం కావాలని ఆ రోజు మొదటిసారిగా స్పష్టపడింది. ఆ అభ్యాసం ఎట్లా చేయించాలన్న ప్రశ్నకు డెబ్బై అయిదేళ్లు దాటిన తరువాత కూడా పూర్తి సమాధానం దొరకలేదు. ప్రతి ప్రవాసాంధ్ర కుటుంబంలోనూ ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఉన్నాడని వేళాకోళంగా అనుకునే ఈ రోజులలో, ఆ ఉద్యోగి ఎట్లా తయారయ్యాడో, అతని పిల్లలు ఎట్లా తయారు కాగలరో ఆలోచించడం అప్రస్తుతం కాదు.

మూడు వారాల పాఠం

కేంబ్రిడ్జి బృందం ముందుగా చేసిన పని బడి పెట్టడం కాదు, బీరువా పెట్టడం. పరీక్షకు నిలిచిన చిన్న చిన్న ప్రోగ్రాము ముక్కలను సబ్‌రొటీన్లు అని పిలిచి, వాటి టేపులను ఒక ఉక్కు బీరువాలో భద్రపరచారు. కావలసినవారు తీసుకొని తమ టేపులోకి నకలు వేసుకునేవారు. ఈ పద్ధతికి ప్రాణం పోసినవాడు విల్క్స్ వద్ద పరిశోధన చేసిన డేవిడ్ వీలర్. 1951లో విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ కలిసి వెలువరించిన పుస్తకం ప్రోగ్రాము రచనపై వచ్చిన తొలి పాఠ్యగ్రంథం. అందులో సూత్రాలు చెప్పి ఊరుకోలేదు. బీరువాలోని సబ్‌రొటీన్లను ఏరి వరుస వరుసగా అచ్చువేశారు. అంటే, తొలి పాఠ్యగ్రంథమే కొత్తవాడిని రాయమనడానికి ముందు చదవమన్నది. ఈ మాట కొంచెం గుర్తుంచుకోదగినది.

ఆ ఏడాదే కేంబ్రిడ్జిలో జరిగిన మూడు వారాల వేసవి తరగతికి హాలండు నుంచి ఒక భౌతికశాస్త్ర విద్యార్థి వచ్చాడు. పేరు ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా. మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రంలో ప్రోగ్రామరుగా చేరాడు. 1957లో పెళ్లి నమోదు చేయించుకునేటప్పుడు వృత్తి అన్న చోట ‘ప్రోగ్రామరు’ అని రాస్తే, అటువంటి వృత్తి లేదని అధికారులు ఒప్పుకోలేదు. ఆయన పెళ్లిపత్రంలో ‘సైద్ధాంతిక భౌతికశాస్త్రజ్ఞుడు’ అనే నమోదయింది. మూడు వారాలలో డైక్‌స్ట్రా మహామేధావి అయిపోలేదు. మూడు వారాలలో దొరికింది తలుపు మాత్రమే. ఆ తరువాత ఏళ్ల తరబడి, ఇంకా పూర్తిగా సిద్ధం కాని యంత్రాలతో కుస్తీపడుతూ, దానిని కట్టే ఇంజనీర్ల సరసన కూర్చుని నేర్చుకున్నాడు.

అట్లాంటిక్ సముద్రానికి ఇవతలి కథ ఇంకొంచెం ముందుది. 1945లో ఫిలడెల్ఫియాలో ఎనియాక్ యంత్రం సిద్ధమవుతుండగా దానిపై పనిచేయుటకు ఆరుగురు యువతులను ఎంచుకున్నారు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. వారి చేతికి పాఠ్యపుస్తకం ఇవ్వలేదు, ఇచ్చేందుకు లేదు కూడా. యంత్రపు పటాలను ముందు పెట్టుకొని, సందేహం వస్తే ఇంజనీర్లను అడిగి తెలుసుకుంటూ, ఏ తీగ ఎక్కడ తగిలిస్తే ఏమి జరుగుతుందో వారే కనిపెట్టారు. 1946 ఫిబ్రవరిలో లోకానికి యంత్రాన్ని చూపించినప్పుడు ఫిరంగి గుండు గమనాన్ని లెక్కగట్టిన ప్రోగ్రాము వారి చేతి పనే. వారి పేర్లు మాత్రం బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఆరితేరినవాని కంటికి ఏమి కనబడుతుంది?

కొత్తవానికీ, నేర్పరికీ మధ్య ఉన్న తేడా జ్ఞాపకశక్తిదా, చురుకుదనానిదా, మరేదైనానా? దీనికి సమాధానం చదరంగం వైపునుంచి వచ్చింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం చేస్, హెర్బర్ట్ సైమన్ 1973లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధం. నిజమైన ఆట మధ్యలోని బల్లను అయిదు సెకండ్లు చూపించి దాచివేస్తే, నేర్పరి చాలా పావులను యథాస్థానంలో పెట్టగలిగాడు, కొత్తవాడు కొద్దిపాటి పావులనే పెట్టగలిగాడు. పావులను అడ్డదిడ్డంగా చల్లి చూపిస్తే ఇద్దరి మధ్య తేడా దాదాపు మాయమయింది. 1976లో బెన్ ష్నీడర్‌మన్ ఇదే పరీక్షను ఫోర్ట్రాన్ ప్రోగ్రాములతో చేశాడు. వరుసలు సక్రమంగా ఉన్న ప్రోగ్రామును చూచి తిరిగి రాయడంలో అనుభవజ్ఞులు ఎంతో ముందున్నారు. వరుసలను కలగాపులగం చేసిన ప్రోగ్రాము దగ్గర వారి అనుభవం అక్కరకు రాలేదు.

తెలుగు ఇళ్లలో ఇందుకు ఉదాహరణ వెదకనక్కరలేదు. ఒక భాగవత పద్యాన్ని తాతగారు రెండుసార్లు విని అప్పజెప్పగలరు. తెలుగు అంతగా రాని మనుమడికి అదే పద్యం అక్షరాల వాన. తాతగారి బుర్ర పెద్దదని కాదు. ఆయనకు సమాసాలు, యతిప్రాసలు, కథ ముందే తెలుసు. ఆయన వినేది అక్షరాలను కాదు, ముక్కలను. నేర్పరి అయిన ప్రోగ్రామరు కూడా అంతే. ఇరవై వరుసలను ఇరవైగా చూడడు. ‘ఇది జాబితాలో పెద్ద సంఖ్యను వెదుకుతున్నది’ అని ఒక్కటిగా చూస్తాడు. ఆ ముక్కలు వేలకొద్దీ మనసులో చేరాలి. అవి చేరే దారి చదవడం, రాయడం, రాసింది చెడిపోవడం, ఎందుకు చెడిందో తెలుసుకోవడం.

ఎంతకాలం పడుతుంది? పదివేల గంటలు అన్న మాట 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకం వలన జనంలో బాగా వ్యాపించింది. దాని మూలం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద యాండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు 1993లో ప్రకటించిన పరిశోధన. కాని ఎరిక్సన్ నొక్కి చెప్పినది గంటల సంఖ్య కాదు. తన శక్తికి కొంచెం మించిన పనిని ఎంచుకొని, తప్పును వెంటనే చూపించే గురువు ఎదుట, ఆ తప్పును దిద్దుకుంటూ చేసే సాధన. సంగీతం మేష్టారు సరళీవరుసల దగ్గర స్వరం తప్పితే ఆపి మళ్లీ పాడిస్తారు. జంటవరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు అయిన తరువాతనే కృతి. సాఫ్ట్‌వేరులో ఇటువంటి క్రమం ఇంకా స్థిరపడలేదు. అంతేకాదు, తప్పును వెంటనే చూపించే గురువు దొరకడమే అరుదు. పదేళ్ల అనుభవమని చెప్పుకునేవారిలో కొందరిది ఒకే ఏడాది అనుభవం పదిసార్లు తిరగవేసినది కావడానికి కారణం ఇదే.

కళాశాల ఈ లోటును తీరుస్తుందా? 2001లో మైఖేల్ మెక్‌క్రాకెన్ ఆధ్వర్యంలో అధ్యాపకుల బృందం ఒకటి నాలుగు విశ్వవిద్యాలయాలలో ప్రోగ్రామింగు మొదటి పాఠాలు పూర్తి చేసిన 216 మంది విద్యార్థులకు చిన్న కాలిక్యులేటరు వంటి ప్రోగ్రామును రాయమని పరీక్ష పెట్టింది. 110 మార్కులకు సగటున వచ్చినవి సుమారు 23. అధ్యాపకులే నివ్వెరపోయారు. సమస్యను విడగొట్టుకోవడం రాలేదేమోనని మొదట అనుకున్నారు. 2004లో రేమండ్ లిస్టర్ నాయకత్వాన పలు దేశాల అధ్యాపకులు మరొక పరీక్ష చేయగా ఇంకా కింది మెట్టు బయటపడింది. చాలామంది విద్యార్థులు, ఎదుట ఉన్న చిన్న ప్రోగ్రామును కాగితం మీద వరుసవరుసగా నడిపించి, చివరికి ఏ విలువ వస్తుందో చెప్పడంలోనే తడబడుతున్నారు. చదవడం రాకుండానే వారిచేత రాయించుచున్నారన్న మాట.

బొత్తాలు కుట్టే దశ

చేతిపనులవారు ఈ చిక్కును ఏనాడో విడదీశారు. మానవశాస్త్రజ్ఞురాలు జీన్ లేవ్ 1970లలో పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దేశపు దర్జీల మధ్య ఉండి, వారు శిష్యులకు పని నేర్పే తీరును గమనించింది. 1991లో ఎటియెన్ వెంగర్‌తో కలిసి రాసిన పుస్తకంలో ఆ వివరాలు ఉన్నాయి. ఆ శిష్యుడు బట్ట కత్తిరించడంతో మొదలుపెట్టడు. బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం, ఇస్త్రీ చేయడం వంటి చివరి పనులతో మొదలుపెడతాడు. తరువాత ముక్కలను కలిపి కుట్టడం. కత్తిరింపు అన్నిటికంటె చివర. ఉడుపు తయారయ్యే వరుసకు ఇది సరిగ్గా తలకిందుల వరుస.

ఇందులోని తెలివి గమనింపదగినది. బొత్తం వంకరగా కుడితే విప్పి మళ్లీ కుట్టవచ్చు. బట్టను తప్పుగా కత్తిరిస్తే బట్టే పోయింది. కనుక నష్టం తక్కువ ఉన్న చోట శిష్యుని చేయి పెట్టిస్తారు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. బొత్తాలు కుట్టేవాని చేతిలో ఎప్పుడూ పూర్తి అయిన చొక్కానే ఉంటుంది. చొక్కా అంటే ఏమిటో, దాని ఏ ముక్క ఏ ముక్కతో కలుస్తుందో అతని వేళ్లకు తెలిసిపోతుంది. మన ఊళ్లలో కంసాలి దుకాణంలో తిత్తి ఊదే కుర్రవాడు, వడ్రంగి దగ్గర చెక్క పట్టుకునే కుర్రవాడు నేర్చుకున్నదీ ఇట్లాగే.

మంచి సాఫ్ట్‌వేరు సంస్థలలో కొత్తవారికి ఇచ్చే మొదటి పనులు ఈ బొత్తాల వంటివే. తెర మీద కనిపించే ఒక సందేశంలో అక్షరదోషం దిద్దడం, ఒక చిన్న పరీక్ష రాయడం, ఎవరో ఫిర్యాదు చేసిన స్వల్పదోషాన్ని వెదకి పట్టుకోవడం. దిద్దేది ఒక వరుసే అయినా, ఆ వరుస ఎక్కడుందో కనుక్కోవడానికి వేల వరుసలలో తిరగవలసి వస్తుంది. ఆ తిరుగుడే పాఠం. దిద్దినదాన్ని అనుభవజ్ఞుడొకడు చదివి, ఒప్పో తప్పో చెప్పిన తరువాతనే అది అసలు ప్రోగ్రాములో చేరుతుంది. రాసినదానిని నలుగురూ కూర్చుని పరిశీలించే పద్ధతికి ఐ.బి.ఎం. సంస్థలో మైఖేల్ ఫేగన్ 1976లో ప్రకటించిన వ్యాసం ప్రసిద్ధిచెందిన మూలం. దోషాలను పట్టుకొనుటకు పుట్టిన ఈ పద్ధతి తెలియకుండానే బడిగా కూడా పనిచేసింది.

ఇతరుల ప్రోగ్రాములను చదవడం ఎంత గొప్ప విద్యో తెలియజేసే కథ ఒకటి ఆస్ట్రేలియాలో జరిగింది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు 1976 ప్రాంతంలో యూనిక్స్ ఆరవ కూర్పు మూల ప్రోగ్రామును, సుమారు 9,000 వరుసలను, విద్యార్థులకు పాఠంగా పెట్టాడు. ఒక సంపుటంలో ప్రోగ్రాము, రెండవ సంపుటంలో దానికి వ్యాఖ్యానం. మన సంప్రదాయంలో మూలమూ, వ్యాఖ్యానమూ పక్కపక్కన పెట్టుకొని కావ్యపాఠం చెప్పినట్లే ఇది. నిజంగా వాడుకలో ఉన్న ఒక పెద్ద ప్రోగ్రామును మొదటి వరుస నుంచి చివరి వరుస వరకు చదివిన విద్యార్థులు అప్పటికి లోకంలో చాలా అరుదు. తరువాత 1979లో వచ్చిన ఏడవ కూర్పు షరతులు, మూల ప్రోగ్రామును తరగతిలో పాఠం చెప్పరాదని నిషేధించాయి. లయన్స్ పుస్తకం చాటుగా నకళ్ల మీద నకళ్లుగా, అక్షరాలు అలికిపోయేంతవరకు, ప్రపంచమంతా తిరిగింది. 1996లో గాని అనుమతితో అచ్చు కాలేదు.

ఆ నిషేధమే మరొక మేలు చేసింది. పాఠం చెప్పడానికి ప్రోగ్రాము లేకపోవడంతో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆండ్రూ టానెన్‌బామ్ మినిక్స్ అనే చిన్న వ్యవస్థను తానే రాసి, 1987లో పుస్తకంతోపాటు బయటపెట్టాడు. ఆ పుస్తకాన్ని చదివిన ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్‌ను మొదలుపెట్టాడు. దాని మూలం ఎవరైనా చదువుకోవచ్చు, దిద్దుబాట్లు పంపవచ్చు. పంపినదాన్ని ఏ మొగమాటమూ లేకుండా తిరగ్గొట్టే పెద్దలు అక్కడ పుష్కలంగా ఉన్నారు.

అయితే సంస్థలకు కొత్తవారిని తయారుచేయడం ఎందుకు భారం? ఐ.బి.ఎం. 360 వ్యవస్థ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో వెలువరించిన పుస్తకంలో కారణం చెప్పాడు. ఆలస్యమైన పనికి మనుషులను చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుంది. కొత్తవారికి నేర్పేది పాతవారే, ఆ గంటలు పని నుంచి కోత పడేవే. ఈ లెక్కను అర్థం చేసుకొని కూడా గంటలు వెచ్చించిన సంస్థలు ఉన్నాయి. ఎవరో తయారుచేసిన మనుషులను మాత్రమే కోరుకున్న సంస్థలు అంతకంటె ఎక్కువ ఉన్నాయి.

అమీర్‌పేట

ఆ కోరికే హైదరాబాదులో ఒక పేటను ప్రపంచానికంతటికీ పరిచయం చేసింది. 1990ల చివరి సంవత్సరాలలో అమీర్‌పేట మైత్రీవనం పరిసరాలలో ప్రతి అంతస్తులోనూ కంప్యూటరు శిక్షణ కేంద్రాలు వెలిశాయి. కోబాల్, సి.ఐ.సి.ఎస్., డి.బి.2, ఒరాకిల్, ఆ తరువాత జావా. గోడలనిండా అధ్యాపకుల పేర్లు సినిమా తారల పేర్ల వలె కట్టబడి ఉండేవి. పగలు కంపెనీలో పనిచేసి తెల్లవారుజామునో, రాత్రో పాఠం చెప్పేవారిని ‘రియల్ టైం ఫ్యాకల్టీ’ అని గొప్పగా చెప్పుకునేవారు. క్రిక్కిరిసిన గదులలో జనం గోడకు ఆనుకొని నిలబడి రాసుకునేవారు. ఆ పాఠపు నోట్సు కిందనున్న జిరాక్సు దుకాణంలో అమ్మకానికి దొరికేది. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉండి, కోటి విద్యలు కూటి కొరకే అనుకుంటూ, పల్లెల నుంచీ, చిన్న పట్టణాల నుంచీ వచ్చిన డిగ్రీవారు, ఇంజనీర్లు నెలల్లో ఒక భాష నేర్చి బయటపడేవారు. అమెరికా శాసనసభ 1998లో చేసిన చట్టం హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచడం ఈ ప్రవాహానికి తోడయింది.

ఈ చదువును ఎగతాళి చేయడం సులభం, చాలామంది చేశారు కూడా. చేయని ఉద్యోగాన్ని చేసినట్లు రాసిన అనుభవపత్రాలు, ఒకరి బదులు మరొకరు మాట్లాడిన టెలిఫోను ఇంటర్వ్యూలు నిజంగా ఉన్నాయి. వాటిని సమర్థించనక్కరలేదు. అయినా ఆ ఎగతాళిలో ఒక అన్యాయం ఉన్నది. అమీర్‌పేట ఇచ్చింది కేంబ్రిడ్జి మూడు వారాల తరగతి ఇచ్చిన దానివంటిదే, తలుపు. అటుపైన జరిగినదే అసలు శిక్షణ.

ఆ అసలు శిక్షణ విచిత్రంగా వై2కె రూపంలో వచ్చింది. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండే అంకెలతో రాసిన కారణంగా 2000 సంవత్సరం 1900 అని యంత్రాలు భ్రమపడే ప్రమాదం ఏర్పడింది. దానిని తప్పించడానికి బ్యాంకుల, బీమా సంస్థల కోబాల్ ప్రోగ్రాములన్నిటినీ వెదకి, తేదీ ఉన్న ప్రతి చోటునూ పరీక్షించవలసి వచ్చింది. అమెరికా ప్రోగ్రామర్లలో చాలామంది ఈ పనిని చాకిరీగా చూశారు. ఎందరో తెలుగు యువకులు, యువతులు దానిని అందుకున్నారు. ఒక తేదీ ఎక్కడ పుట్టి, ఏ ఏ ప్రోగ్రాముల గుండా ప్రవహించి, ఏ వడ్డీ లెక్కలో తేలుతుందో వెంబడించే క్రమంలో, ఇరవై ముప్పై ఏళ్ల కిందట ఎవరో రాసిన వేలాది వరుసలను వారు చదివారు. ఒక బ్యాంకు నిజంగా ఎట్లా నడుస్తుందో ఆ వరుసలలోనే తెలుసుకున్నారు. దర్జీ శిష్యుని చేతికి పూర్తయిన చొక్కా అందినట్లే అందింది. పని చిన్నది, చదువు పెద్దది.

2001 మాంద్యంలో బెంచి మీద మిగిలిపోయి, టిక్కెట్టు కొనుక్కొని తిరిగి వెళ్లినవారూ ఉన్నారు. ఒక భాష పోయి మరొక భాష రాగానే నిలదొక్కుకున్నవారూ ఉన్నారు. అదృష్టానికి అందులో పెద్ద పాలే ఉన్నది. కాని కోబాల్ పదాలను మాత్రమే నేర్చినవానికి కోబాల్‌తోనే కథ ముగిసింది. కోబాల్ ద్వారా బ్యాంకును చదివినవానికి జావా మరొక లిపి మాత్రమే అయింది.

యంత్రమే రాసిపెడితే

2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా వచ్చింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనం చేతికి అందింది. అప్పటినుంచి, అక్షరదోషం దిద్దడం, చిన్న పరీక్ష రాయడం, స్వల్పదోషాన్ని పట్టుకోవడం వంటి పనులను కృత్రిమ మేధ క్షణాలలో చేసిపెడుతున్నది. బొత్తాలు కుట్టే యంత్రం వచ్చిందన్న మాట. సంస్థకు ఇది లాభమే. అయితే బొత్తాలు కుట్టడంలో సంస్థకు దక్కేది బొత్తం, శిష్యునికి దక్కేది చొక్కా జ్ఞానం. యంత్రం మొదటిదానిని ఇవ్వగలదు. రెండవది ఎవరికీ దక్కకుండా పోతుంది. ఇప్పటి అనుభవజ్ఞులందరూ ఆ మెట్టు ఎక్కివచ్చినవారే. కింది మెట్లను తొలగించి, పై మెట్టుకు మనుషులు ఎక్కడినుంచి వస్తారన్నది నేటి పెద్ద చిక్కు.

ఈ భయం ఊహ కాదనడానికి సాక్ష్యం ఒక గణితపు తరగతినుంచి వచ్చింది. టర్కీలోని ఒక ఉన్నత పాఠశాలలో దాదాపు వేయిమంది విద్యార్థులపై జరిపిన ప్రయోగం 2025లో ప్రచురితమయింది. అడిగినదల్లా చెప్పే చాట్ యంత్రాన్ని దగ్గర పెట్టుకొని లెక్కలు చేసినవారు అభ్యాసం వేళ బాగా ముందున్నారు. యంత్రాన్ని తీసివేసి పరీక్ష పెడితే, అసలు ఎన్నడూ దానిని వాడని విద్యార్థులకంటె 17 శాతం తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. సమాధానం చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేటట్లు మలచిన యంత్రంతో చదివినవారికి ఆ నష్టం చాలావరకు తప్పింది. అంటే పేచీ యంత్రంతో కాదు, అది గురువు వలె ప్రవర్తిస్తున్నదా, జవాబులు అందించే స్నేహితుని వలె ప్రవర్తిస్తున్నదా అన్నదానితో.

అనుభవజ్ఞుల విషయంలో కూడా తొందరపడి తీర్పు చెప్పడానికి లేదు. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో, తాము బాగా ఎరిగిన ప్రోగ్రాములపై పనిచేసే 16 మంది నిపుణులకు 246 పనులు అప్పగించి చూచింది. కృత్రిమ మేధ సాయం అనుమతించిన పనులకు 19 శాతం ఎక్కువ కాలం పట్టింది. ఆ నిపుణులేమో తమకు 20 శాతం కాలం కలిసివచ్చిందనే అనుకున్నారు. యంత్రాలు నెలనెలకూ మారుతున్నవి కనుక ఆ అంకె నిలవకపోవచ్చు. కాని పని చేసినవానికే తన వేగం తెలియకపోవడం ఆలోచింపదగినదే. యంత్రం రాసిన ప్రోగ్రామును చదివి, తప్పు పట్టి, దిద్దడంలోనే ఆ కాలంలో కొంత ఖర్చయింది. ఆ చదవడం ఇంకా మనిషి పనిగానే ఉన్నది.

వేసవి సెలవులలో ప్రోగ్రామింగు నేర్చుకోవాలని ఉబలాటపడే పిల్లలు ఇంట్లో ఉంటే, ఇంట్లోని పెద్దలు రెండు దశాబ్దాలకు ముందు వై2కె గదులలో చేసిన పనినే వారిచేత చేయించి చూడవచ్చు. యంత్రంచేత ఒక ముప్పై వరుసల ప్రోగ్రామును రాయించి, దానిని నడపకముందే కాగితం మీద అచ్చువేసి ఇవ్వాలి. పెన్సిలు పట్టుకొని, ఒక్కొక్క వరుసకు ప్రతి చలరాశి విలువ ఎంత అవుతుందో పక్కన రాయమనాలి. చివరికి తెర మీద ఏమి కనిపిస్తుందో రాసి, ఆ తరువాత మీట నొక్కాలి. రెండు జవాబులు కలవకపోతే తప్పు కాగితంలో ఉన్నదో, ప్రోగ్రాములో ఉన్నదో తేల్చుకునేవరకు ఎవరూ లేవకూడదు. ఒక పూట పట్టవచ్చు. విల్క్స్‌కు 126 వరుసలకు ఇంకా చాలా ఎక్కువే పట్టింది.